ఇంటి మీదకు ఒరిగిన చెట్టును కొట్టడం ఎలా?

2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న, 2021లో గులాబ్ సెప్టెంబరు 26న తీరం దాటాయి. తుఫాను ఏ నెలలో వస్తుందో శ్రీకాకుళం జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. అయినా ఇంటి మీదకు ఒరిగిన చెట్టు మాత్రం వాయుగుండం వార్త విన్నాకే గుర్తుకొస్తుంది. అప్పుడు నాకు ఫోను వస్తుంది: "మామయ్యా, రేపు పొద్దుటికల్లా ఎలాగైనా కొట్టించెయ్యాలి." నేల నానిపోయి, గాలి మొదలయ్యాక నేను ఏ చెట్టు మీదా చేయి వేయను. ఇది ఏప్రిల్, మే నెలల్లో చేయాల్సిన పని. జూన్‌లో వానలు పడి చెట్టు నిండా కొత్త ఆకు వచ్చిందంటే తల బరువు పెరుగుతుంది, కాలి కింద మట్టి జారుతుంది.

ముందు ఏ చెట్టు కొట్టాలో తేల్చుకోండి. ఒరిగిన ప్రతి చెట్టూ ప్రమాదం కాదు. చిన్నప్పటి నుంచి వెలుతురు కోసం పక్కకు పెరిగిన చెట్టు పైకి వెళ్లేకొద్దీ మళ్లీ నిటారుగా తిరుగుతుంది. దాని జోలికి పోవద్దు. మొన్నటి దాకా నిటారుగా ఉండి ఈ ఏడాది ఒరిగినది, ఒరుగుడుకు ఎదురు వైపు మాను మొదలు దగ్గర మట్టి పగిలి ఉబ్బినది, ప్రహరీ పునాది కోసం ఒక పక్క వేళ్లన్నీ నరికించుకున్నది, మొదట్లో చెక్కలాంటి గట్టి పుట్టగొడుగులు అరలు అరలుగా పుట్టుకొచ్చినది, ఇవీ భయపడాల్సినవి. గొడ్డలి వెనుక భాగంతో మాను చుట్టూ కొట్టి చూడండి. గట్టి మాను కణకణమంటుంది, డొల్ల మాను డప్పులా పలుకుతుంది. డప్పులా పలికితే ఈ వ్యాసం మీకు పనికిరాదు. ఇక్కడ చెప్పే పద్ధతికి లోపల గట్టి కర్ర ఉండాలి.

తురాయి చెట్టు ఇంటి పక్కన ఉంటే నన్ను అడగనక్కరలేదు, కొట్టాల్సిందే. పూలు ఎర్రగా బాగుంటాయి కానీ వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు.

ఇక్కడ రెండు తెలివితేటల గురించి చెప్పాలి. ఒకటి, చెట్టు ఉంచి తల మొత్తం నరికించడం. నరికిన చోట గుత్తులు గుత్తులుగా పిలకలు వస్తాయి. అవి మానులో నుంచి పుట్టినవి కావు, పైపైన అంటుకున్నవి. నాలుగేళ్లకు చేయంత లావెక్కి, ఐదో ఏడు తుఫానుకు విరిగి రేకుల మీద పడతాయి. రెండోది, మొదట్లో రంధ్రం చేసి ఇంగువ కూరడమో యాసిడ్ పోయడమో. చెట్టు చావకపోతే మీ ఇంగువ దండగ. చస్తే మరీ అన్యాయం, ఎందుకంటే ఎండిన చెట్టు పచ్చి చెట్టు కన్నా ప్రమాదం. ఎండిన కర్ర వంగదు, విరుగుతుంది. రంపం తగిలిన అదురుకే పై కొమ్మలు నెత్తిన పడతాయి. కొట్టాలనుకుంటే పచ్చిగా ఉన్నప్పుడే కొట్టండి.

నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వాల్టా చట్టం 2002లో వచ్చినప్పటి నుంచి సొంత పెరట్లో చెట్టుకు కూడా అనుమతి అడగాల్సి రావచ్చు. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడగండి, బదులుగా మొక్కలు నాటమంటారు, నాటండి. కరెంటు తీగ చెట్టు పడే మేరలో ఉంటే 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపితే తప్ప తాడు కూడా కట్టవద్దు. రావి, వేప, మేడి అయితే ఇంట్లో పెద్దవాళ్లు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటామంటారు. పెట్టుకోనివ్వండి. విజయనగరంలో పైడితల్లి జాతరలో ఊరేగించే సిరిమానుకు చింతచెట్టును తీసుకొచ్చే ముందు పూజ చేస్తారు. మన పెరటి వేపకు పది నిమిషాలు ఇస్తే పోయేదేమీ లేదు.

సామాను: పదునైన రంపం, గొడ్డలి, సుత్తి, బొటనవేలంత లావు మోకు, ఒక కప్పీ, ఒక వైపు పలచగా ఇంకో వైపు మందంగా చెక్కిన గట్టి కర్రముక్కలు నాలుగు, తలకు హెల్మెట్. మోకు అంటే భావనపాడు వైపు పడవల వాళ్లు వాడేలాంటిది, బజారులో దొరికే నీలం ప్లాస్టిక్ తాడు కాదు. దానికి ముడి నిలవదు. మనుషులు నలుగురు. ఐదో మనిషి ఎప్పుడూ సలహాలు ఇవ్వడానికే వస్తాడు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి సముద్రపు గాలి తిరగక ముందే, తొమ్మిది పదింటికల్లా ముగించాలి.

చెట్టు ఎత్తు కళ్లతో అంచనా వేయవద్దు, అందరూ తక్కువే చెబుతారు. చేయి చాచితే మీ కంటి నుంచి పిడికిలి దాకా ఎంత పొడవో అంత కర్ర తీసుకోండి. చేయి ముందుకు చాచి దాన్ని నిలువుగా పట్టుకుని వెనక్కి నడవండి. కర్ర కింది కొన చెట్టు మొదలుతో, పై కొన చెట్టు తలతో సరిపోయిన చోట ఆగండి. అక్కడి నుంచి చెట్టుకు ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. ఆ దూరం మీద ఇంకో సగం కలుపుకుని, ఆ మేరలో మనిషి, పశువు, మోటారు సైకిలు లేకుండా చూడండి.

తర్వాత దారానికి రాయి కట్టి వేలాడదీసి, రెండు పక్కల నుంచి చెట్టు ఒరుగుడు చూడండి. చెట్టు తల మధ్యభాగం మొదలు కన్నా రెండడుగులకు మించి ఇంటి వైపు ఉంటే కింద నుంచి కొట్టవద్దు. ఎక్కేవాళ్లను పిలిచి పై నుంచి ముక్కలుగా దింపించండి. కొబ్బరి చెట్టయితే ఎంత నిటారుగా ఉన్నా ముక్కలుగానే. కొబ్బరితోటల ఉద్దానం మనిషికి ఇది చెప్పడం నాకే సిగ్గు. కొబ్బరి మాను అంతా నార, అంచున గట్టి, లోపల మెత్తన. నేను చెప్పబోయే బందు దానికి సరిగా నిలవదు. మొదట్లో గోధుమరంగు రసం కారుతున్న కొబ్బరినీ, మొవ్వు ఎండి వాలిపోయిన కొబ్బరినీ ఎక్కమని మాత్రం ఎవరినీ అడగవద్దు. దానికి క్రేను పిలవాలి.

మోకు చెట్టు ఎత్తులో మూడింట రెండొంతుల పైన, గట్టి కొమ్మ చీలిక దగ్గర కట్టండి. పొడవు చెట్టు ఎత్తుకు రెట్టింపు ఉండాలి. చోటు చాలకపోతే దూరంగా ఉన్న ఇంకో చెట్టు మొదలుకు కప్పీ కట్టి, తాడును దాని గుండా పక్కకు తిప్పుకోండి. లాగేవాళ్లు ఎవరూ తాడును చేతికి గానీ నడుముకు గానీ చుట్టుకోకూడదు.

ఇక అసలు పని. ఇక్కడి దాకా నేను చెప్పింది చదవకుండా చేసినా ఏదో ఒక విధంగా గట్టెక్కవచ్చు. ఇక్కడి నుంచి వీలు కాదు.

అందరూ అనుకునేది చెట్టు ఎటు పడాలో తాడు చెబుతుందని. కాదు. కోయకుండా వదిలిన కర్ర చెబుతుంది. మాను ముందు వైపు ఒక గాటు, వెనుక వైపు ఒక కోత వేస్తాం. ఆ రెండింటి మధ్య తెగకుండా మిగిలే పట్టీ ఉంటుందే, వడ్రంగి తలుపుకు వేసే మడతబందు లాంటిది, దాన్నే నేను బందు అంటాను. తలుపు బందు ఎటు ఉంటే తలుపు అటే తిరిగినట్టు, చెట్టు దాని మీదే వంగి దిగుతుంది. తాడు వట్టి సాయం. బందు తెగిపోతే నలుగురు కాదు, నలభై మంది లాగినా చెట్టు తనకు నచ్చిన చోట పడుతుంది.

లెక్కతో చూద్దాం. మాను చుట్టూ టేపు వేస్తే 63 అంగుళాలు వచ్చిందనుకోండి, అడ్డుకొలత 20 అంగుళాలు. చెట్టు పడాల్సిన వైపు, మోకాలి ఎత్తులో గాటు పెట్టండి. కింది కోత అడ్డంగా 5 అంగుళాల లోతు, అంటే నాలుగో వంతు. మూడో వంతు దాటనివ్వవద్దు. పై కోత ఏటవాలుగా దిగి సరిగ్గా ఆ 5 అంగుళాల గీత మీద కలవాలి. పుచ్చకాయ ముక్క తీసినట్టు ముక్క ఊడి రావాలి. రెండు కోతల్లో ఏదో ఒకటి గీత దాటి లోపలికి పోయిందా, అక్కడ మీ బందు బలహీనపడినట్టే. గాటు లోపలి గీతకు సరిగ్గా నిలువుగా గొడ్డలి కామను ఆనించి చూడండి, కామ చూపే వైపే చెట్టు పడుతుంది. ఆ వైపు మీరు అనుకున్నది కాకపోతే ఇప్పుడే దిద్దుకోవాలి, తర్వాత కాదు.

గాటు వేసేటప్పుడు రంపపు పొట్టును చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లగానో పసుపుగానో, ముతకగా రాలితే మంచి కర్ర. కాఫీ పొడిలా నల్లగా మెత్తగా వస్తే లోపల కుళ్లు ఉన్నట్టు. అక్కడితో రంపం దించేయండి. గాటు పడిన చెట్టును గాలికి వదిలి వెళ్లిపోకూడదు కాబట్టి చుట్టూ తాడు కట్టి, కాపలా పెట్టి, పెద్ద పనివాళ్లను పిలవండి. ఖర్చు అవుతుంది. అవనివ్వండి.

ఇప్పుడు వెనుక కోత. ఇది గాటు గీతకు రెండు అంగుళాల పైన, అడ్డంగా, నేలకు సమాంతరంగా రావాలి. నూటికి తొంభై మంది ఇక్కడ రంపాన్ని కిందకు దించి ఏటవాలుగా కోస్తారు. అలా చేస్తే మాను వెనక్కి జారకుండా ఆపే మెట్టు ఉండదు. 13 అంగుళాలు వెళ్లాక ఆగాలి. 20లో 5 గాటు, 13 వెనుక కోత, మధ్యలో 2 అంగుళాలు బందు. ఆ 2 అంగుళాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం ఉండాలి. సుద్దముక్కతో మాను రెండు పక్కలా బందు గీతలు ముందే గీసుకోండి. గీత దగ్గరకు వచ్చాక రంపం ఎంత ఊరించినా ఇంకొక్క లాగుడు లాగవద్దు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇంటి పెరట్లోనే ఉంది. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఒక వేపను కొట్టాను. గాటు బాగానే వేశాను. వెనుక కోతలో నా కుడి వైపు రంపం అంగుళంన్నర ఎక్కువ దిగింది. అటు బందు అర అంగుళమే మిగిలింది, ఎడమ వైపు నిండా ఉంది. చెట్టు కదలగానే సన్నటి వైపు పుటుక్కున తెగింది, లావుగా ఉన్న వైపు పట్టుకుని మొత్తం చెట్టును తనవైపు తిప్పుకుంది. ముందుకు పడాల్సిన వేప పక్కకు తిరిగి పశువుల పాక మీద కూర్చుంది. ఆవును పొద్దున్నే బయట కట్టేశారు కాబట్టి బతికింది. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మొద్దు మీద ఆ వంకర బందును మాత్రం రెండు నెలలు తీయనివ్వలేదు, రోజూ చూడమని.

వెనుక కోత మూడు నాలుగు అంగుళాలు దిగగానే, రంపం వెనుక కర్రముక్క దూర్చి సుత్తితో మెల్లగా కొట్టండి. చెట్టు కాస్త ఇంటి వైపు బరువు తూగుతుంటే అది వెనక్కి కూర్చుని రంపాన్ని పట్టేస్తుంది. కర్రముక్క దాన్ని ఆపుతుంది. కోత లోతు పెరిగేకొద్దీ ముక్కలను ఒకటొకటిగా లోపలికి కొట్టుకుంటూ పోవాలి. ఈ సమయంలో తాడు బిగువుగా ఉంటే చాలు, లాగకూడదు. కోత పూర్తి కాకుండా గట్టిగా లాగితే, అందులోనూ చెట్టు ముందుకు ఒరిగి ఉంటే, మాను నిలువునా చీలుతుంది. చీలిన వెనుక భాగం కోస్తున్నవాడి ఛాతీ ఎత్తులో తన్నుకొస్తుంది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. ట్రాక్టరుకు బిగువు తెలియదు, ఒక్క కుదుపు ఇస్తుంది.

మాను లోపలి నుంచి మొదటి చిటపట వినబడగానే కోసేవాడు రంపం అక్కడే వదిలి నడవాలి. చెట్టు పడే వైపుకు సరిగ్గా వెనక్కి కాదు, మాను వెనక్కి తన్నితే అటే వస్తుంది. వెనుక మూలకు, ఏటవాలుగా. ఆ దారిలో కొమ్మలు, రాళ్లు ముందే తీసేసి ఉంచుకోవాలి. అప్పుడు, ఒక్కరే గొంతెత్తి "లాగండి" అనాలి. వెనుక కోత మొదలైన దగ్గర నుంచి చెట్టు నేల మీద పడే దాకా టీ లేదు, బీడీ లేదు, ఫోను లేదు.

పడ్డాక అయిపోయిందనుకుని వెంటనే కొమ్మల మీదకు ఎక్కవద్దు. మాను బరువుకు కింద వంగి నొక్కుకున్న కొమ్మలు విల్లులా బిగుసుకుని ఉంటాయి. వాటిని లోపలి వంపు వైపు కొద్దికొద్దిగా గాట్లు పెట్టి బిగువు దించాకే తెంచాలి. మామిడి, జీడిమామిడి అయితే చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, సొన పడితే బొబ్బలెక్కుతుంది.

కర్ర బేరం చెట్టు కొట్టక ముందే మాట్లాడుకోవాలి. పడ్డ తర్వాత కోత మిల్లువాడు చెప్పిందే ధర. మొద్దును నేలకు సమంగా కోయించేయండి. వేపకైతే అప్పుడూ పిలకలు రావచ్చు, వచ్చినవి వచ్చినట్టు తీసేయండి, లేకపోతే ఐదేళ్లలో మళ్లీ నాకే ఫోను చేస్తారు. అనుమతి పత్రంలో నాటమన్న మొక్కలను ఆ మొద్దు పక్కనే పెట్టకండి, ప్రహరీకి ముప్పై అడుగులు వదిలి నాటండి.