పెట్ట పొదుగుకొచ్చిందా? గుడ్లు కావాలో పిల్లలు కావాలో ఆ రోజే తేల్చుకోండి

పెరట్లో అయిదారు నాటు పెట్టలు పెంచుకునేవాళ్ళకి మామూలుగా వచ్చే డౌట్ ఇది, నిన్నటిదాకా శుభ్రంగా గుడ్డు పెట్టిన కోడి ఉన్నట్టుండి ఆపేసింది, గంపలోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తోంది, జబ్బేమైనా చేసిందా అని. జబ్బేం కాదండీ, పొదుగుకొచ్చింది. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టాక ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో గుడ్డు ఆగిపోయి పొదగాలన్న యావ మొదలవుతుంది. రాత్రి కూడా గంపలోనే ఉంటే, పొట్ట కింద ఈకలు ఊడి కనిపిస్తే, రోజుకోసారి లేచి పెద్ద కంపు రెట్ట వేసి మళ్ళీ పరిగెత్తి కూర్చుంటే ఇక ఖాయం.

చాలామంది చేసేదేంటంటే, చూద్దాంలే అని వదిలేస్తారు. అది ఖాళీ గంపలో వారాలకి వారాలు కూర్చుని సగం తిండి తిని చిక్కిపోతుంది, మనకి గుడ్లూ రావు పిల్లలూ రావు. అందుకే ఏదో ఒకటి వెంటనే డిసైడ్ అవ్వండి.

పిల్లలు కావాలనుకుంటే పెట్ట సైజుని బట్టి పది పన్నెండు గుడ్లు చాలు, ఎక్కువ పెడితే అంచుల్లోవి చల్లబడి మురిగిపోతాయి. మందలో పుంజు ఉండాలి, అది లేకుండా వచ్చిన గుడ్లు ఎన్నాళ్ళు పొదిగినా పిల్ల రాదు. వారం దాటిన గుడ్లు వద్దు, ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజుల లోపువే. దాచేటప్పుడు మొన కిందకి పెట్టండి, మట్టి అంటిందని నీళ్ళతో కడగొద్దు. గంప మూల చీకటిగా, కుక్కా పిల్లీ రాని చోట ఉండాలి, అడుగున కాస్త ఇసుక, పైన ఎండుగడ్డి. పెట్టని వేరే చోటికి మార్చాలంటే రాత్రిపూటే మార్చండి, పగలు మారిస్తే లేచి పాత చోటికే పోతుంది. అన్ని గుడ్లూ ఒకే రోజు పెట్టి పెన్సిల్‌తో గుర్తు వెయ్యండి, ఎందుకంటే మిగతా పెట్టలు కూడా వచ్చి అదే గంపలో పెట్టేస్తాయి, గుర్తు లేనివి రోజూ తీసేయాలి, లేకపోతే కొన్ని ముందు కొన్ని వెనక అయ్యి తల్లి మొదటి పిల్లల్ని తీసుకుని లేచిపోతుంది, మిగిలినవి దండగ.

ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్ ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి, ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, తేటగా ఉంటే తీసేయండి. ఉరుములకి గుడ్లు చెడతాయని గంపలో ఇనుప ముక్క పెట్టడం పల్లెల్లో ఉంది, పెట్టుకుంటే నష్టమేం లేదు గానీ నిజంగా చెడగొట్టేది మే నెల ఎండ, అప్పుడు మాత్రం పొదిగించకండి. ఇంకోటి పేలు. కదలకుండా కూర్చున్న పెట్టకి పేలు పట్టాయంటే గుడ్లు వదిలేసి పారిపోతుంది, పక్కనే బూడిద కలిపిన పొడి మట్టి ఉంచితే లేచినప్పుడు అదే పొర్లుతుంది. దగ్గర్లో నీళ్ళు, జొన్నలో నూకలో పెట్టండి, అది లేచేది రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలే.

21 రోజులకి పిల్లలు వస్తాయి. కదలట్లేదని పెంకు మీరు ఒలవకండి. పొట్టలో సొన ఉంటుంది కాబట్టి మొదటి రోజు మేత లేకపోయినా ఏం కాదు. వారం లోపు కొక్కెర తెగులుకి లసోటా అనే టీకా చుక్కలు వేయించడం మాత్రం మర్చిపోవద్దు, అది సోకితే మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

గుడ్లే కావాలంటే పొదుగు మానిపించాలి. ముక్కులో ఈక గుచ్చడం, కాళ్ళు కట్టి ఎండలో పడేయడం కొన్ని చోట్ల చేస్తారు, దయచేసి వద్దు, అవసరం కూడా లేదు. పొట్ట కింద వేడి తగ్గితే చాలు. అడుగున కూడా జాలీ ఉన్న పంజరంలో, నేలకి కాస్త ఎత్తులో, నీడలో పెట్టండి, గడ్డి గిడ్డి ఏం వేయొద్దు, మేతా నీళ్ళూ మామూలుగానే ఇవ్వాలి. మూడు నాలుగు రోజులకి మామూలైపోతుంది, ఎంత తొందరగా పట్టుకుంటే అంత తేలిక. బయటికి వదిలాక మళ్ళీ గంపెక్కితే ఇంకో రెండు రోజులు ఉంచండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో గుడ్డు మొదలెడుతుంది, అదే పిల్లలు తీసిన పెట్ట అయితే పొదుగుతో, పిల్లల పెంపకంతో కలిపి మూడు నెలల దాకా గుడ్డు మాటే ఉండదు. ఏ రోజు గుడ్డు ఆ రోజే తీసేస్తుంటే అసలు పొదుగుకి రావడమే తగ్గుతుంది, పెట్ట గుడ్డు పెట్టే చోటు మార్చుకోకుండా ఉండటానికి ఒక్క గుడ్డు మాత్రం వదలండి చాలు.

అయితే గంపలో కూర్చోకుండానే పెట్ట గుడ్డు ఆపితే అది వేరే సంగతి, ఈకలు రాల్చే టైమో, చలికాలంలో పగలు తగ్గడమో, మేతలో సున్నం చాలకపోవడమో అయ్యుంటుంది. పెంకులు పల్చబడితే గుల్ల పొడి విడిగా ఓ గిన్నెలో పెట్టండి.

ఇంట్లోకి గుడ్లే ముఖ్యం అనుకునేవాళ్ళు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన గ్రామప్రియ లాంటి రకం కోళ్ళు రెండు మూడు కలుపుకోవచ్చు, అవి దాదాపుగా పొదుగుకి రావు. కాకపోతే అది క్రాస్ రకం, వాటి గుడ్లనే నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు తీస్తే ఆ పిల్లలు తల్లిలా గుడ్లు పెట్టవు, మళ్ళీ కొత్త పిల్లల్ని కొనుక్కోవాల్సిందే.