ఎదురు దెబ్బకు మనిషి చనిపోతే: ఆత్మరక్షణ వాదనను మొదటి రోజు నుంచే ఎలా నిలబెట్టుకోవాలి?

రాత్రి రెండు గంటలు. హైదరాబాద్ బోరబండలో ఓ ఇరుకు సందు. పాత అప్పు గొడవ మనసులో పెట్టుకుని ఒకడు కత్తితో ఇంట్లోకి దూరాడనుకోండి. మీ తమ్ముడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు, ముంజేయి తెగింది. కుడి చేతికి రోకలి దొరికింది. ఒకే దెబ్బ. వచ్చినవాడు గడప మీదే పడి ప్రాణం వదిలాడు. తెల్లారేసరికి తమ్ముడి మీద హత్య కేసు.

ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లకు లాయరు, బెయిలు తప్ప ఇంకేమీ గుర్తుకురావు. అవీ కావాలి. కానీ ఆత్మరక్షణ అన్న మాటకు బలమిచ్చే ఆధారాల్లో చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతాయి, లేదా పోతాయి.

1. మీరే ఫోన్ చేయండి

100 గానీ 112 గానీ. అంబులెన్సుకు 108. పడ్డవాడు శత్రువే అయినా బతికే అవకాశం ఉంటే బతకనివ్వాలి. నేల కడగొద్దు, రోకలి కదపొద్దు, తమ్ముణ్ని ఊరు దాటించొద్దు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా, భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పుకోలు అతని మీద సాక్ష్యంగా చెల్లదు. అయితే అతను చెప్పినదాన్ని బట్టి వస్తువు ఏదైనా దొరికితే, ఆ మేరకు పనికొస్తుంది. 'వాడు కత్తితో వచ్చాడు, నాకు దెబ్బ తగిలింది, లాయరుతో మాట్లాడాక మిగతాది చెప్తాను' అంటే చాలు.

2. తమ్ముడి ఒంటి మీది గాయాలు రాయించండి

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. పోయినవాడి దెబ్బల గురించి పోస్టుమార్టం రిపోర్టు చెప్తుంది. మీవాడి చేతి మీది కోత గురించి ఎవరు చెప్తారు? వారం తిరిగేసరికి అది మానిపోయిన గీత.

ఉస్మానియా ఆసుపత్రికో గాంధీకో తీసుకెళ్లినప్పుడు ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన గాయాలను డాక్టరు రాసే మెడికో లీగల్ రికార్డు) నమోదు చేయించండి. కత్తికి చెయ్యి అడ్డం పెడితే సాధారణంగా తెగేది ముంజేయి, చిటికెన వేలి వైపు. కత్తిని పట్టుకోబోతే అరచేయి, వేళ్లు. పొడవెంత, లోతెంత, గాయం తాజాదా అన్నది డాక్టరు రాస్తే అది తర్వాత వంద మాటల పెట్టు. భయపడి 'బాత్రూంలో జారిపడ్డాను' అన్నాడా, ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది. అరెస్టయినవారికి వైద్య పరీక్ష చేయించాలనీ, రిపోర్టు నకలు ఇవ్వాలనీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 53వ సెక్షన్ చెప్తోంది. అడిగి తీసుకోండి. 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు పెట్టినప్పుడు 'ఏం లేదు సార్' అని తలూపకుండా చెయ్యి చూపించమనండి.

నిందితుడి గాయాలు ఎలా అయ్యాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే గొడవ అసలు ఎలా మొదలైందో దాచినట్టు కోర్టు అనుకోవచ్చని 1976లోనే సుప్రీంకోర్టు అంది.

3. లాయరు

ఫీజుకు డబ్బుల్లేవని ఆగకండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయొచ్చు. హత్య కేసులో బెయిలుకు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

4. సీసీ కెమెరాలు

సందు మొదట్లో కిరాణా కొట్టు, ఎదురింటి గేటు, ఎక్కడెక్కడ కెమెరా ఉందో ఆ రోజే తిరిగి చూడండి. కొత్త రికార్డింగ్ పాతదాన్ని చెరిపేస్తుంది. ఫుటేజీ భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.

5. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో చూసుకోండి

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. చావు, తీవ్ర గాయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటి భయం సహేతుకంగా ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయినా 38వ సెక్షన్ కాపాడుతుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని 37 అంటుంది. ప్రాణభయంలో ఉన్నవాడి దెబ్బను బంగారం తూచే త్రాసులో తూచలేమని కోర్టులే అంటాయి. అయినా, కింద పడి కత్తి జారిపోయిన మనిషిని ఇంకో మూడుసార్లు బాదితే కథ మారిపోతుంది. పగతో కాకుండా, మంచి ఉద్దేశంతోనే హద్దు దాటాడనిపిస్తే 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు కింద అది హత్య కాకుండా పోవచ్చు. శిక్ష 105 కింద పడుతుంది. విడుదల మాత్రం ఉండదు.

6. కోర్టులో ఒకే కథ

ఆత్మరక్షణ అని చూపించాల్సిన భారం నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువనిపిస్తే చాలు. పైకి ఆ వాదన తీసుకోకపోయినా, ప్రాసిక్యూషన్ సాక్ష్యంలోనే అది కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చని 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే కత్తి సంగతి, చేతి గాయం సంగతి లాయరు అడగాలి. 'మావాడు ఆ రాత్రి ఇంట్లోనే లేడు' అని ఒకసారి, 'ప్రాణం కాపాడుకున్నాడు' అని ఇంకోసారి అంటే రెండూ పోతాయి. సాక్షులయ్యాక, నాగరిక్ సురక్షా సంహిత 351వ సెక్షన్ కింద జడ్జి నేరుగా తమ్ముణ్నే ప్రశ్నలడుగుతారు. అన్నిటికీ 'అబద్ధం', 'తెలియదు' అని చెప్పడం మన కోర్టుల్లో అలవాటైపోయింది. ఈ కేసులో అది పనికిరాదు. ఆ రాత్రి ఏం జరిగిందో రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. లాయరుతో కూర్చుని ఒక పేజీ రాయించి, ఎంఎల్‌సీ కాగితం పక్కన పెట్టుకుని చదవండి. ఎడమ చెయ్యి అని అందులో ఉంటే ఇందులోనూ ఎడమ చెయ్యే ఉండాలి.