నల్లా నీళ్లు మురుగు వాసన వస్తే కాలనీ సంఘం ఏం చేయాలి

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు "నీళ్లు కంపు కొడుతున్నాయి" అని పెడతారు. కింద పదిమంది "మాకూ అంతే" అంటారు. సాయంత్రానికి ఆ మాట పండగ శుభాకాంక్షల కింద పడిపోతుంది. మర్నాడు లైన్‌మన్ వచ్చి "ఎక్కడండీ?" అని అడిగితే చెప్పేవాళ్లుండరు. సంఘం చేయాల్సిన అసలు పని ఇక్కడే ఉంది. "కాలనీలో నీళ్లు బాగాలేవు" అన్న ఫిర్యాదును "ఫలానా గల్లీలో ఈ రెండు ఇళ్ల మధ్య" అన్నంత దగ్గరికి తేవాలి. అప్పుడు ఒక్క గుంతతో పని అవుతుంది. లేకపోతే రోడ్డంతా తవ్వినా లీకు దొరకదు.

ఇది హైదరాబాద్ జలమండలి లెక్కన రాసింది. కుళాయి అనే ఊళ్లలోనూ పద్ధతి ఇదే, ఆఫీసులూ ఫోన్ నంబర్లే వేరు.

వాసన తెలిసిన గంటలో

ఆ లైను మీదున్న ప్రతి ఇంటికీ మనిషి వెళ్లి చెప్పాలి. పెద్దవాళ్లు చాలామంది గ్రూపు చూడరు. సంపులోకి నీళ్లు పట్టకుండా వాల్వు కట్టేయమనండి. అప్పటికే పట్టిన నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు, పళ్లు తోముకోవద్దు. వేరే దారి లేకపోతే, నీళ్లు తేటగా ఉంటేనే, బాగా మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచి చల్లార్చి తాగాలి. రంగు మారి మురుగు వాసన వేస్తున్న నీళ్లను మరిగించినా తాగడానికి పెట్టుకోవద్దు. రెండు మూడు ఇళ్లలో విరేచనాలు మొదలైతే దగ్గరి బస్తీ దవాఖానాకు అదే రోజు చెప్పాలి. ఒకే గల్లీ నుంచి కేసులు వస్తున్నాయన్న సంగతి డాక్టరుకు తెలియడం చాలా అవసరం.

మురుగు ఎలా కలుస్తుంది

మన దగ్గర నల్లా రోజంతా రాదు. నీళ్లు వస్తున్నప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీళ్లు బయటికే కారతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, ఒత్తిడి పడిపోతుంది. చుట్టూ మురుగు నిలిచి ఉంటే అదే చిల్లులోంచి లోపలికి వస్తుంది. మళ్లీ వాల్వు తిప్పగానే మొదటి ఐదు పది నిమిషాలు ఆ మురుగే ముందు ఇళ్లకు చేరుతుంది. నల్లా లైనుకు నేరుగా మోటారు పెట్టి లాగేవాళ్లుంటే సమస్య రెట్టింపు, ఎందుకంటే ఆ మోటారు పక్క చిల్లులోని మురుగును కూడా పీలుస్తుంది. ఈ మాట సొంత సభ్యులకు చెప్పడానికి సంఘాలు మొహమాటపడతాయి. పడకూడదు. సరఫరా వచ్చే ఒక రోజు మోటార్లన్నీ ఆపించి నీళ్లు చూడండి, తేడా తెలిస్తే వాదనే ఉండదు.

సరఫరా రోజు చేసే పరీక్ష

ముందురోజే గల్లీ బొమ్మ గీసుకోండి. వాల్వు ఏ వైపు, ఇళ్లు ఏ వరుసలో, మ్యాన్‌హోళ్లు ఎక్కడ, మోరీని పైపు ఎక్కడ దాటుతుంది, ఈమధ్య కేబుల్ కోసం ఎక్కడ తవ్వారు. పైపు సంగతి లైన్‌మన్‌నే అడగండి. కాగితం మీద లేనివి కూడా ఆయనకు తెలుసు.

వాల్వు వైపు నుంచి చివరిదాకా వరుసగా పది ఇళ్లు చాలు. ఒక్కో ఇంటికి రెండు గాజు సీసాలు కావాలి. నీళ్లు రాగానే ఒకటి పట్టాలి, పది నిమిషాల తర్వాత రెండోది. సంపులోంచి కాదు, ట్యాంకులోంచి కాదు, రోడ్డు మీది నుంచి వచ్చే నల్లా దగ్గరే పట్టాలి. సీసా మీద ఇంటి నంబరు, టైము రాయాలి.

క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ కిట్ సంఘం దగ్గర ఒకటి ఉండాలి. గీత దాకా నీళ్లు పోసి, కిట్ మీద చెప్పినన్ని ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి, వెంటనే రంగు పోల్చాలి. పసుపు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మురుగు కలిస్తే అది క్లోరిన్‌ను తినేస్తుంది. మొదటి నాలుగు ఇళ్లలో పసుపు కనిపించి, ఐదో ఇంట్లో నీళ్లు తెల్లగానే ఉండిపోతే, వెతకాల్సిన చోటు నాలుగుకూ ఐదుకూ మధ్య. ఆర్థోటాలిడిన్ చేతికి అంటకుండా గ్లౌజులు వేసుకోండి, పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి. హెచ్2ఎస్ సీసాలు (నీళ్లలో మల బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష సీసాలు) దొరికితే అవీ వాడొచ్చు. నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడడం మలినం కలిసిందనడానికి గుర్తు. కానీ నల్లబడలేదు కాబట్టి నీళ్లు మంచివని తీర్పు ఇచ్చేయకూడదు.

ఫలితం ఇలా చదవాలి. ఒక్క ఇంట్లోనే చెడ్డ నీళ్లంటే ఆ ఇంటి సర్వీసు పైపే కారణం. మోరీలోంచి వెళ్లే పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పు పట్టి ఉంటుంది, చాలా ఫిర్యాదులు ఇక్కడే తేలతాయి. ఒక చోటు నుంచి కింది ఇళ్లన్నింటికీ మొదటి సీసా మాత్రమే చెడితే మెయిన్ లైనులో చిల్లు. చివరి రెండు మూడు ఇళ్లకే మడ్డి వస్తే, వాసన లేకపోతే, లైను చివర పేరుకున్న మట్టి అది. దానికి తవ్వక్కర్లేదు, లైను చివర వదిలించి కడిగిస్తే చాలు.

ఫిర్యాదు

ఫిర్యాదు ఇళ్లవాళ్లు ఎవరికి వారు 155313కు చేయాలి, బిల్లు మీది క్యాన్ నంబరు (కనెక్షన్ ఖాతా నంబరు) చెప్పాలి. సంఘం పేరుమీద ఒక్కటే ఇస్తే అది ఒక్క ఫిర్యాదుగానే లెక్కకొస్తుంది. ఫిర్యాదు నంబర్లన్నీ ఒకరు పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాత సెక్షన్ మేనేజరుకు ఒక్క పేజీ ఉత్తరం ఇవ్వాలి. అందులో రోడ్లు, కుక్కలు, వీధిదీపాలు కలపొద్దు. ఈ పాటి చాలు:

"మా గల్లీలో ఫలానా తేదీ నుంచి నల్లా నీటిలో మురుగు కలుస్తోంది. ఫలానా ఇంటి వరకు క్లోరిన్ కనిపిస్తోంది, తర్వాతి ఇంటి నుంచి లేదు. పది ఇళ్ల పట్టిక, గల్లీ పటం, ఫిర్యాదు నంబర్లు జతచేశాం. ఈ చోట గుంత తీసి చూడాలనీ, ల్యాబ్ కోసం నమూనా తీసుకోవాలనీ, బాగయ్యే వరకు ట్యాంకరు పంపాలనీ కోరుతున్నాం."

రెండో కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా తిరిగి రావద్దు. సంఘం రిజిస్టరు కాలేదని ఆగక్కర్లేదు, బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ అడిగే హక్కుంది. రిజిస్ట్రేషన్ తీరిక చూసుకుని 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు.

ఆ దగ్గర్లో మ్యాన్‌హోల్ పొంగుతుంటే దానికి అదే రోజు వేరే ఫిర్యాదు ఇవ్వండి. మురుగు దిగకుండా గుంత తీస్తే గుంత నిండా మురుగే, చిల్లు కనబడదు. ఆలస్యమవుతోందని బయటి మనిషిని పిలిచి మ్యాన్‌హోల్‌లోకి దించే పని మాత్రం ఏ సంఘమూ చేయకూడదు. లోపలి విషవాయువుకు మనిషి నిమిషాల్లో ప్రాణం పోతుంది. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం అలా దించినవాళ్లకు మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు లైనును నీటి ఒత్తిడితో కడిగే జెట్టింగ్ మిషను వచ్చేదాకా ఆగాల్సిందే.

పనికి కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఈ ఫిర్యాదు నంబర్లపై తీసుకున్న చర్యల నకలు, ఈ లైనులో గత ఆరు నెలల నీటి పరీక్షల ఫలితాలు, పైపు మార్చడానికి వేసిన ఎస్టిమేటు నకలు" అని కాగితాల పేర్లతో అడగాలి.

గుంత తీసిన రోజు

సంఘం తరఫున ఒకరు అక్కడే ఉండాలి. చిల్లు ఫొటో తీయాలి, కొత్త పైపు మోరీని దాటే చోట దాని చుట్టూ కేసింగ్ పైపు (బయటి రక్షణ పైపు) వేయించాలి. జాయింటు అయ్యాక ఇళ్ల వాల్వులు తెరవకముందే లైను చివర నీళ్లు వదిలించి కడిగించాలి. గుంత పూడ్చేదాకా రాత్రిపూట కనబడేలా అడ్డు పెట్టించాలి.

సంపులు శుభ్రం చేయడం ఇక అప్పుడే, ముందు చేస్తే మళ్లీ చెడతాయి. నీళ్లు తోడేసి, పైనుంచే పొడుగు బ్రష్షుతో రుద్ది కడగాలి. మూసి ఉన్న సంపులోకి మనిషి దిగకూడదు. తర్వాత నింపి, 5,000 లీటర్ల సంపుకు 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు సుమారు 800 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, పైకి తేరిన తేట సంపులో పోయాలి. నాలుగు గంటలు ఉంచి ఆ నీళ్లన్నీ వదిలేయాలి, వాటిని దేనికీ వాడకూడదు. ఆ తర్వాత కొన్నాళ్లు తాగే నీళ్లకు వెయ్యి లీటర్లకు అదే పౌడరు 2.5 గ్రాములు తూచి కలిపి గంట ఆగితే చాలు. సంచి విప్పి నెలలు గడిచిన పౌడరులో పస ఉండదు.

ఫిర్యాదు "పరిష్కరించాం" అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. వరుసగా మూడు సరఫరాలకు అవే పది ఇళ్లలో మొదటి సీసా పట్టి చూడండి. మూడుసార్లూ పసుపు తిరిగితేనే పుస్తకంలో ఆ ఫిర్యాదు కొట్టేయాలి. ఒక్కచోట తిరగకపోయినా అదే రోజు 155313కు మళ్లీ చేసి, పాత నంబరు చెప్పి కొత్త నంబరు తీసుకోవాలి.