గోరువెచ్చని నీళ్ల తొట్టిలో సరిగ్గా కూర్చోవడం ఎలా

30 ఏళ్లుగా కుట్టుమిషన్ ముందు కూర్చుని బతుకుతున్నవాణ్ని. కూర్చోవడం గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకునేవాణ్ని. మొలలు వచ్చాక ఆ పొగరు దిగింది. ఒక ప్లాస్టిక్ తొట్టిలో పావుగంట కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

దాన్ని సిట్జ్ బాత్ తొట్టి అంటారు. జర్మన్ భాషలో సిట్జెన్ అంటే కూర్చోవడం, పేరులో ఉన్న మర్మం అంతే. వెడల్పాటి బేసిన్‌లా ఉంటుంది, కమోడ్ అంచు మీద ఆనుతుంది. కొన్నింటితో పాటు ఒక నీళ్ల సంచీ, సన్నటి గొట్టం, ఆ గొట్టాన్ని నొక్కిపెట్టే క్లిప్పు ఇస్తారు. కరెంటు లేదు, మోటారు లేదు. ఇందులో చెడగొట్టడానికి ఏముందిలే అనుకున్నాను. మొదటిరోజే చెడగొట్టాను.

తొట్టి అంచు దాకా నింపి కూర్చున్నాను. నేను దిగినంత మేరా నీళ్లు పైకి పొర్లి, మోకాళ్ల దగ్గరికి జార్చుకున్న ప్యాంటు తడిసిపోయింది. పైగా నీళ్లు చుర్రుమంటున్నాయి. వేడి ఎంత ఎక్కువైతే అంత త్వరగా నయమవుతుందని నా లెక్క. రెండు నిమిషాలు పళ్లబిగువున ఓర్చుకుని లేచేశాను. మా చెల్లెలు నర్సు. సంగతి చెబితే ఫోన్లో నవ్వు ఆపుకోలేకపోయింది. "అన్నయ్యా, నీళ్లలో కూర్చోమన్నారు గానీ ఉడకమన్నారా?" అంది. ఆ తర్వాత అది చెప్పినవీ, వాడగా వాడగా నాకు తెలిసొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. అక్కడ రక్తం కనబడితే మొలలే అని మీ అంతట మీరు తేల్చుకోకండి. చిరుగు (ఫిషర్) కావచ్చు, పెద్దపేగులో ఇంకేదైనా కావచ్చు. ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకున్నాకే తొట్టి కొనండి. సిగ్గుతో నేను నాలుగు నెలలు నాన్చాను. చూడ్డానికి డాక్టరుకు పట్టింది ఐదు నిమిషాలు.

ఇక ఈ నీళ్లు ఏం చేస్తాయో నా పద్ధతిలో చెబుతాను. పైజామాకు బొందు ఎక్కిస్తాం కదా, మలద్వారం చుట్టూ అలాగే గుండ్రంగా కండరాలు ఉంటాయి. వాటిలో లోపలిది మన మాట వినదు, దానంతట అదే బిగుసుకుని ఉంటుంది. నొప్పి పుడితే ఇంకా బిగుస్తుంది, బిగిసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. బొందు మరీ లాగి ముడేస్తే నడుం దగ్గర గుడ్డ కుచ్చులు పడి ఉబ్బినట్టే, లోపలి రక్తనాళాల మెత్తలూ ఉబ్బి ఉంటాయి, అవే మొలలు. గోరువెచ్చని నీళ్లు ఆ బొందును కాస్త వదులు చేస్తాయి. నొప్పి, దురద తగ్గుతాయి, ఆ చోటు శుభ్రపడుతుంది. మొలను మాత్రం మాయం చేయవు. ఉపశమనానికి వాడండి, అంతకు మించి ఆశించకండి.

తొట్టి కొత్తది తెచ్చిన రోజు దాని అంచు చుట్టూ బొటనవేలు నెమ్మదిగా తిప్పి చూడండి. చేత్తో తడిమి చూడనిదే నేను ఏ గుడ్డా కొనను, అదే అలవాటుతో దీన్నీ తడిమాను. వెనకవైపు అంచు కింద, అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ ముక్క ఒకటి గోరంత పొడుచుకొచ్చి ఉంది. కంటికి ఆనలేదు, వేలికి తగిలింది. మామూలు ఒంటికైతే గీత పడి ఊరుకుంటుంది. వాచి ఉన్న చోటికి తగిలితే తెలుస్తుంది దాని సంగతి. దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో తీసి, సన్న గరుకు కాగితంతో రుద్దాను. పగులు కనిపిస్తే మాత్రం సరిచేయబోకండి, వెనక్కి ఇచ్చేయండి. బరువు పడగానే పగులు తెరుచుకుని, లేచేటప్పుడు చర్మాన్ని పట్టేస్తుంది. ఎంత బరువు మోయగలదో పెట్టె మీద రాసి ఉంటుంది, అదీ చూసుకోండి.

కమోడ్ సీటు, మూత రెండూ పైకెత్తి, తొట్టిని నేరుగా పింగాణీ అంచు మీద పెట్టాలి. నేను కొన్నదానికి నీళ్లు పొంగి పోయే రంధ్రాలు వెనకవైపు రావాలి. మీదానికి ఎటు రావాలో దానితో వచ్చిన కాగితం చూడండి. తిరగేసి పెడితే నీళ్లు కమోడ్‌లోకి పోకుండా కాళ్ల మీదికి వస్తాయి. పెట్టాక రెండు చేతులతో అటూ ఇటూ గట్టిగా నొక్కండి. కదిలితే మీ కమోడ్ కొలతకు అది సరిపోదు. కదిలేదాని మీద మాత్రం కూర్చోకండి.

నీళ్లు సగం వరకే పోయండి. మీరు కూర్చుంటే మట్టం తనే పైకొస్తుంది. ఆ చోటు మునిగితే చాలు, నడుం దాకా అక్కర్లేదు.

వేడి దగ్గరే అందరూ తప్పు చేసేది. 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది, 40 దాటనివ్వకండి. థర్మామీటరు లేకపోతే మోచేయి ముంచండి. అరచేతిని నమ్మకండి, ఇస్త్రీపెట్టె పట్టుకునే నా అరచేతికి ఏ వేడీ ఆనదు. మోచేతికి హాయిగా ఉంటేనే కూర్చోవాలి. షుగరు వల్ల కాళ్లూ పిర్రలూ తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లు మోచేతిని కూడా నమ్మకుండా థర్మామీటరే వాడాలి. చర్మం కాలినా వాళ్లకు తెలియకపోవచ్చు.

నీళ్లలో ఏం కలపాలి అని నన్ను చాలామంది అడిగారు. ఏమీ వద్దు. ఉప్పూ, సబ్బూ, గాయాలు కడిగే ఘాటు మందులూ మీ అంతట మీరు పోయకండి. వాచిన చర్మం ఇంకా మండుతుంది. డాక్టరు ఫలానాది కలపమని చెబితే చెప్పినంతే కలపండి.

కూర్చునేటప్పుడు గొంతుకూర్చున్నట్టు సగం లేచి ఉండకండి. ఒళ్లు వదిలేసి, బరువంతా తొట్టి మీద వేసి, పాదాలు నేలకు ఆనించండి. 10 నుంచి 15 నిమిషాలు. ఈలోగా నీళ్లు చల్లారతాయి, అందుకే ఆ సంచీ. నా సంచీలో రెండు లీటర్లు పడతాయి. కూర్చునే ముందే అందులో గోరువెచ్చని నీళ్లు నింపి, క్లిప్పు బిగించి, తొట్టి కంటే ఎత్తులో కొక్కేనికి తగిలించాలి. గొట్టం కొసను తొట్టి గాడిలో ఇరికించాలి. చల్లబడినట్టు అనిపిస్తే క్లిప్పు కాస్త వదిలితే చాలు, నీళ్లు సన్నగా వస్తాయి, ఎక్కువైనవి వెనక రంధ్రాల్లోంచి పోతాయి. సంచీలో మాత్రం మరుగుతున్న నీళ్లు పోయకండి, అవి నేరుగా పుండు లాంటి చోటికే వస్తాయి. సంచీ లేకపోతే నీళ్లు మార్చుకోండి, అంతే.

లేచేటప్పుడు గోడ పట్టుకుని నెమ్మదిగా లేవండి. వేడికి రక్తనాళాలు వదులై తల తిరగొచ్చు. నాకు రెండుసార్లు తిరిగింది, అందుకే బోల్టు వేయడం మానేశాను. తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, తుడవకూడదు. తడి మిగిలితే దురద మళ్లీ మొదలు.

రోజుకు రెండు మూడుసార్లు చేయొచ్చు. విరేచనానికి వెళ్లొచ్చిన వెంటనే చేస్తే ఎక్కువ సుఖం, నొప్పి ఎక్కువగా ఉండేది అప్పుడే కదా. ఆపరేషన్ అయినవాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌నే అడగండి.

ఇక గుండ్రటి దిండు కథ. మధ్యలో చిల్లు ఉన్న మెత్తను నేనే ఎంతో ముచ్చటగా కుట్టుకున్నాను, అంచుకు పైపింగ్ కూడా వేశాను. దాని మీద వారం కూర్చుంటే ఆ చోట బరువుగా లాగుతున్నట్టు ఉండటం ఎక్కువైంది. అంచు చుట్టూ ఒత్తుతూ ఉంటే మధ్యభాగం వేలాడుతూ రక్తం అక్కడికే చేరుతుంది. విప్పేసి మామూలు చదును మెత్త చేసుకున్నాను. ఇప్పుడు గంటకోసారి లేచి రెండు అడుగులు వేస్తున్నాను. ముక్కడం మానకుండా, ఫోన్ పట్టుకుని కమోడ్ మీద అరగంట కూర్చుంటూ ఉంటే మాత్రం ఈ తొట్టి ఎన్నాళ్లు వాడినా నీళ్లు ఖర్చే. పీచు, నీళ్లు తగినంత పడాలి. ఐదు నిమిషాల్లో పని కాకపోతే లేచి వచ్చేయాలి.

తొట్టితో ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి నీలంగా, గట్టిగా గడ్డ లేచి కూర్చోనివ్వకపోతే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మొదటి మూడు రోజుల్లో వెళితే చిన్న కోతతో తీసేసే వీలుంటుంది. బయటికొచ్చిన మొల లోపలికి పోకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా, చీము కనిపించినా, రక్తం ఆగకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా ఆలస్యం చేయకండి.

వాడిన ప్రతిసారీ తొట్టిని మామూలు సబ్బుతో కడిగి, సబ్బు జిగట లేకుండా నీళ్లతో జాడించి, బోర్లించి ఆరబెట్టండి. గొట్టంలో నీళ్లు నిలిస్తే నల్లటి బూజు పడుతుంది. రెండు కొసలూ కిందికి వేలాడేలా తగిలిస్తే తడి కారిపోతుంది. ఒకరిది ఇంకొకరు వాడకూడదు. మా ఆవిడ ఒకసారి మగ్గులూ బకెట్లతో కలిపి పెట్టేసింది, అప్పటినుంచి దాని మీద నా పేరు రాసి పెట్టాను. గుడ్డ మీద గీసే సుద్దతో రాస్తే మొదటి కడుగుడుకే పోయింది. మార్కర్‌తో రాయండి.