కంట్లో సున్నం పడితే
సున్నం, సిమెంటు రెండూ క్షారాలే. చాలా యాసిడ్ల కన్నా ఇవే మొండివి, కంటి లోపలికి దిగుతూనే ఉంటాయి. ఆటో కోసం చూడకుండా ముందు కడగండి.

దెబ్బతిన్న కన్ను కిందికి వచ్చేలా తల వంచి, రెప్పలు విడదీసి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు మంచినీళ్లు సన్నటి ధారగా కనీసం 30 నిమిషాలు పోయాలి. మంటకు రెప్ప బిగుసుకుంటుంది, ఇంకొకరు పట్టుకోవాల్సిందే. పై రెప్ప కింద పలుకు ఇరుక్కుంటే ఎంత కడిగినా లాభం ఉండదు. కనిపిస్తే తడి దూదితో తీసేయండి. నలపనివ్వొద్దు. నిమ్మరసం, ఆముదం, చనుబాలు ఏవీ వద్దు. మంట తగ్గినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, దారిలోనూ కడుగుతూ.

సున్నం కలిపేటప్పుడు మామూలు కళ్లజోడు చాలదు, చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి. పక్కనే 20 లీటర్ల నీళ్ల క్యాను, ఒక మగ్గు ఉంచండి.