పాత బట్ట కొనేముందు తిరగేసి చూడండి

మా నాన్న గూడూరులో టైలరు. ఎవరైనా కొత్త చొక్కా వేసుకుని షాపుకొస్తే, ఆయన ముందు వాళ్ల చేతి అంచు తిప్పి లోపలి కుట్టు చూసేవారు. చెన్నైలోని పల్లావరం శుక్రవారం సంతలో ఎనిమిదేళ్లుగా పాత బట్టలు కొంటున్న నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ అలవాటే.

బీచ్–తాంబరం లోకల్ రైల్లో పల్లావరంలో దిగితే సంతకి నడిచిపోవచ్చు. ఎండ ముదరకముందే వెళ్లండి. పాత ఫ్యాన్లు, కుర్చీలు, మొక్కల మధ్య బట్టలు రాశులు పోసి ఉంటాయి. నేను 500 రూపాయలకు మించి తీసుకెళ్లను, అదీ చిన్న నోట్లుగా. బ్యాగులో టేపు తప్పనిసరి. మీకు బాగా సరిపోయే చొక్కాని ముందురోజే మంచం మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా, భుజం, పొడవు కొలిచి ఫోన్లో రాసుకోండి. పాత బట్ట ఉతుకులకు ముడుచుకుని ఉంటుంది కాబట్టి లేబుల్ మీది సైజు నమ్మొద్దు.

తిరగేయగానే చంకలు, కాలరు మడత, ప్యాంటయితే తొడల మధ్య చూడండి. చంకలో పాత పసుపు మరక ఉంటే ఎంత ఉతికినా పూర్తిగా పోదు, అక్కడ గుడ్డ కూడా చివికి ఉంటుంది. వదిలేయండి. బొత్తాలు ఊడినా, జిప్పు పాడయినా టెన్షన్ అక్కర్లేదు, వాటిని చూపించి బేరమాడొచ్చు. తర్వాత పక్క కుట్లు చూడండి. టైలరు చేత కుట్టించుకున్న పాత జాకెట్లలో, ప్యాంట్లలో లోపల అంగుళం దాకా గుడ్డ వదిలేవాళ్లు. అది ఉంటే బిగుతుగా ఉన్నదాన్ని కూడా వదులు చేయించుకోవచ్చు. ఫ్యాక్టరీ బట్టలో కుట్టు పక్కనే కత్తిరించి, అంచు దారాలు ఊడకుండా మిషన్‌తో ఓవర్‌లాక్ కుట్టు వేసేస్తారు, వదులు చేయడానికి ఏమీ మిగలదు.

ఎంత పాతదో టైలరు లేబులే చెబుతుంది. ఊరి పేరు 1996లో మారింది కాబట్టి ‘మద్రాస్’ అని ఉంటే చాలావరకు అంతకుముందుది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 600017 బదులు ‘మద్రాస్-17’ అని ఉంటే ఇంకా పాతది కావచ్చు, కానీ తర్వాత కూడా అలాగే రాసినవాళ్లున్నారు. ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో కూడా చూడండి. ఇప్పుడు ల్యాండ్‌లైనుకి 8 అంకెలు, అంతకంటే తక్కువుంటే పాతదన్నమాట.

చీరల దగ్గర మాత్రం తొందరపడకండి. ఒకసారి మామిడిపండు రంగు పట్టుచీర, మెరూన్ అంచు, 400కి ఇచ్చారు. మడత విప్పకుండా కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే మడత పడిన ప్రతిచోటా గీత గీసినట్టు చిట్లిపోయింది. అంచు ఒక్కటీ గట్టిగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడయితే చీర మొత్తం విప్పించి వెలుతురుకి పట్టి చూస్తాను. మడత గీతకి అటూ ఇటూ బొటనవేళ్లు పెట్టి మెల్లగా లాగుతాను. చిర్రుమన్నా, దారాలు పక్కకి జరిగినా తీసుకోను.

అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. పాత కంచి చీరల్లో ఆ లోపలి దారం ఎర్రగా ఉంటుంది, అరిగినచోట కనిపిస్తుంది. ఆ వెండి కోసమే పాత చీరలు కొనే దుకాణాలు ఈ ఊళ్లో ఉన్నాయి. కాబట్టి రాశిలో అలాంటిది తేలిగ్గా దొరకదు, ఎవరైనా అసలు జరీ అని ధర పెంచితే గట్టిగా చూడండి. పట్టో కాదో తేల్చుకోవాలంటే కొంగు చివర ఒక దారం అడిగి తీసుకుని, పక్కకెళ్లి కాల్చండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వేసి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా అవుతుంది.

బేరానికి నాకొచ్చిన అరవం చాలు: “కొంజం కొరచ్చు కుడుంగ అణ్ణా.” అంటే కొంచెం తగ్గించి ఇవ్వండన్నా అని. రెండు మూడు కలిపి అడిగితే ఇంకా తగ్గిస్తారు.

కొన్నవి మూటగట్టి తెచ్చి, ఇంట్లో మిగతా బట్టల్లో కలపకండి. నూలు బట్టల్ని రంగు పోతుందేమో ఒక మూల తడిపి చూసి, వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. పట్టుని చన్నీళ్లలో కుంకుడు రసంతో జాడించి నీడలో ఆరేయండి. కలరా ఉండల వాసన నాలుగు రోజులు గాలికి వేలాడదీస్తే తగ్గుతుంది. తర్వాత చీరని పాత గీతల మీద కాకుండా వేరేచోట మడిచి, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. నేను మూడు నెలలకోసారి తీసి మడత మారుస్తాను.