అంబాసిడర్ ఇంజన్ వేడెక్కుతోందా? లోపం ఎలా కనిపెట్టాలి?

పాత అంబాసిడర్ వేడెక్కగానే చాలామంది రేడియేటర్ మార్చేద్దామంటారు. తొందరపడకండి. టెంపరేచర్ మీటర్ ముల్లు ఎప్పుడు పైకి పోతోందో ముందు గమనించండి. ట్రాఫిక్‌లోనా, హైవే మీదా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

దారిలో ఆవిరి కక్కితే బండి పక్కకి తీసి ఇంజన్ ఆపండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజన్ బాగా చల్లారాక, మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే పైభాగం) పగలొచ్చు.

ట్రాఫిక్‌లోనే వేడెక్కుతుంటే ముందుగా గాలి సంగతి చూడండి. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత బండ్లలో ఫ్యానునీ వాటర్ పంపునీ ఒకే బెల్టు తిప్పుతుంది. ఇంజన్ ఆపి, బెల్టు పొడవాటి వైపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. దాదాపు అరంగుళం దిగితే సరే, అంతకన్నా వదులుంటే అదే బెల్టుతో తిరిగే డైనమోని (బ్యాటరీని ఛార్జ్ చేసేది) బయటికి జరిపి బిగించాలి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము ఉంటే ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొట్టండి.

హైవే మీద వేడెక్కితే నీళ్లు సరిగా తిరగడం లేదేమో చూడాలి. బోరు నీళ్లు పోసిన బండ్లలో రేడియేటర్ గొట్టాలు చౌడుతో పూడుకుపోతాయి. ఇంజన్ వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ మీద జాగ్రత్తగా చేయి ఆనించండి. ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ అడ్డం పడినట్టే. ఇది రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి టంకం విప్పి శుభ్రం చేయించొచ్చు, పారేయక్కర్లేదు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మాత్రమే పోయండి. ఇంజన్ రేస్ చేసినప్పుడు కింది హోస్ పైపు లోపలికి అణిగిపోతున్నా నీళ్లు ఆగిపోతాయి, పైపు మార్చండి.

ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే వాల్వే థర్మోస్టాట్. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, పీకేద్దాం" అనే మెకానిక్ మాట వినకండి. అది పనిచేస్తోందో లేదో చూడాలంటే తీసి వేడి నీళ్లలో వేయండి. మరిగే నీళ్లలో కూడా తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

ఇవన్నీ బాగున్నా బండి లాగకుండా వేడెక్కుతుంటే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనకబడిందేమో చెక్ చేయించండి. ఆయిల్ పాలు కలిసినట్టు కనిపించినా, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నా హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందనే అనుమానించాలి. అప్పుడు నడపకుండా, బండిని లాగించుకునే షెడ్డుకి తీసుకెళ్లండి.